ఒక వ్యాసం, దాని కింద తా.క.

ఇంజనీరింగ్‌లో మాకు విద్యుదయస్కాంత క్షేత్రాలు చెప్పిన మాస్టారు, వెక్టర్ పొటెన్షియల్ దగ్గరికి రాగానే సుద్దముక్క బల్ల మీద పెట్టి ఒక మాట అన్నారు. "ఇది నిజంగా ఉండే వస్తువు కాదర్రా. ఇల్లు కట్టేటప్పుడు వేసుకునే పరంజా లాంటిది. గోడ లేచాక విప్పేస్తాం." అసలైనవి విద్యుత్ క్షేత్రం, అయస్కాంత క్షేత్రం. పొటెన్షియల్‌ని మన ఇష్టం వచ్చినట్టు కొంత మార్చుకోవచ్చు, ఆ రెండు క్షేత్రాలూ చెక్కు చెదరవు. మార్చినా తేడా పడనిదానికి ఉనికేమిటి? ఆ మార్చుకునే స్వేచ్ఛకి పేరు గేజ్. పరీక్షలో రెండు మార్కులు. రాసేశాను, వచ్చేశాయి.

గేజ్ అంటే అప్పటికి నాకు తెలిసింది మీటర్ గేజి, బ్రాడ్ గేజి. రైలు పట్టాల మధ్య దూరానికీ ఈ స్వేచ్ఛకీ ఏమిటి సంబంధం అని అడగాలని తోచలేదు. అడిగుంటే, ఆ ప్రశ్న నన్ను తిన్నగా 1918లో వచ్చిన ఒక తప్పు సిద్ధాంతం దగ్గరికి తీసుకెళ్ళేది. ఇన్నేళ్ళు ఎవరెవరి ప్రోగ్రాముల్లోనో తప్పులు దిద్దుకుంటూ బతికాక, ఈ మధ్య తీరిగ్గా ఆ తప్పు కథ చదివాను. ఇంత అందంగా తప్పిన వాళ్ళు చరిత్రలో ఎక్కువమంది ఉండరనిపించింది. అందుకే ఈ టపా. లెక్కలు ఉండవు, భయపడకండి. కుంచాలూ గడియారాలూ ఉంటాయి.

కథలోకి వెళ్ళేముందు చిన్న పిట్టకథ. పూర్వం ఊరికో కుంచం ఉండేదని పెద్దవాళ్ళు చెప్పగా వినే ఉంటారు. మూడు ఊళ్ళు అనుకుందాం. వడ్ల వర్తకులు తమలో తాము మారకం కట్టుకున్నారు. మొదటి ఊరి 100 కుంచాలు రెండో ఊళ్ళో 110. రెండో ఊరి 110 మూడో ఊళ్ళో 99. మూడో ఊరి 99 మళ్ళీ మొదటి ఊళ్ళో 102. అంటే బండి ఒక చుట్టు తిరిగొస్తే కాగితం మీద రెండు కుంచాలు ఎక్కువయ్యాయి.

ఇప్పుడు రెండో ఊరి పెద్దలు తమ కుంచాన్ని సగానికి కుదించేశారనుకోండి. 110 కాస్తా 220 అవుతుంది. ఆ ఊళ్ళోకి వచ్చే మారకం మారింది, బయటికి పోయే మారకమూ మారింది. కానీ చుట్టు తిరిగొస్తే? మళ్ళీ 102. ఎవరు తమ కుంచాన్ని ఎలా మార్చుకున్నా ఆ అదనపు రెండు కుంచాలు మాత్రం పోవు. కుంచం సైజు ఎవరిష్టం వాళ్ళది. పక్క ఊరితో మారకం ఆ ఇష్టాన్ని బట్టి మారుతుంది. చుట్టు తిరిగితే మిగిలేది మాత్రం ఎవరి ఇష్టంతోనూ పని లేని నిజం. ఈ మూడు వాక్యాలు గుర్తు పెట్టుకుంటే మిగతా కథంతా అర్థమైపోతుంది.

ఇక అసలు కథ. 1915లో ఐన్‌స్టయిన్ సాధారణ సాపేక్ష సిద్ధాంతం వచ్చింది. గురుత్వాకర్షణ అంటే స్థలకాలాల వంపు అని తేల్చింది. 1917లో ఇటలీ గణితవేత్త లెవీ-చివీటా ఆ వంపుకి ఒక చక్కటి బొమ్మ ఇచ్చాడు. వంపు ఉన్న తలం మీద ఒక బాణాన్ని ఏమాత్రం తిప్పకుండా జాగ్రత్తగా మోసుకెళ్ళినా, చుట్టు తిరిగి బయల్దేరిన చోటికి వచ్చేసరికి అది వేరే దిక్కు చూపిస్తుంది. గ్లోబు మీద భూమధ్యరేఖ నుంచి ఉత్తర ధ్రువానికి వెళ్ళి, అక్కణ్ణుంచి ఇంకో రేఖాంశం వెంట దిగి, భూమధ్యరేఖ మీదుగా వెనక్కి రండి, తెలుస్తుంది. అంటే దూరంగా ఉన్న రెండు చోట్ల దిక్కుల్ని నేరుగా పోల్చలేం. ఒకదాన్ని మోసుకెళ్ళి రెండోదాని పక్కన పెట్టాలి. ఏ దారిన మోశామన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది.

జ్యూరిక్‌లో పాఠాలు చెబుతున్న హెర్మన్ వైల్‌కి అప్పుడు 32 ఏళ్ళు. ఆయనకి ఒక చిన్న అనుమానం వచ్చింది. దిక్కుల్ని దూరం నుంచి పోల్చలేనప్పుడు పొడవుల్ని మాత్రం ఎందుకు పోల్చగలగాలి? ఇక్కడి మీటరూ అక్కడి మీటరూ ఒకటేనని ఎవరు చెప్పారు? ప్రతి బిందువు దగ్గరా కొలబద్ద ఎవరికి వారు ఎంచుకోనిద్దాం, పక్క బిందువుకి వెళ్ళేటప్పుడు మారకం ఎంతో చెప్పే ఒక సూత్రం పెడదాం అనుకున్నాడు. అచ్చంగా మన కుంచాల లెక్క. తీరా సమీకరణాలు రాస్తే, ఆ మారకం విద్యుదయస్కాంత పొటెన్షియల్ ఎలా ప్రవర్తిస్తుందో అలాగే ప్రవర్తించింది. చుట్టు తిరిగితే మిగిలేది విద్యుదయస్కాంత క్షేత్రంలా కనబడింది. గురుత్వాకర్షణ దిక్కుల వంపు, విద్యుదయస్కాంతం పొడవుల వంపు. అప్పటికి తెలిసిన రెండు బలాలూ ఒకే జ్యామితిలో ఒదిగిపోయాయి.

ఈ కొలబద్ద స్వేచ్ఛకి వైల్ వాడిన జర్మన్ మాట, మన తూనికలు కొలతల శాఖ వాళ్ళు వచ్చి కాటాకీ రాళ్ళకీ ముద్ర వేస్తారే, ఆ పనికి వాడే మాట. దాన్ని ఇంగ్లీషువాళ్ళు గేజ్ అన్నారు. నా మీటర్ గేజి అనుమానానికి సమాధానం ఇదీ. నిజంగానే ఆ మాటకి అర్థం కొలతే.

వైల్ తన వ్యాసాన్ని ఐన్‌స్టయిన్‌కి పంపాడు. ఐన్‌స్టయిన్ చదివి ఉబ్బితబ్బిబ్బయ్యాడు, మేధావితనానికి ఇది మొదటి తరగతి నమూనా అన్నట్టుగా మెచ్చుకున్నాడు. కొన్నాళ్ళకే ఇంకో ఉత్తరంలో, ఇది అందంగా ఉంది కానీ ప్రకృతి ఇలా లేదని రాశాడు. 1918లో ప్రష్యన్ అకాడమీ ఆ వ్యాసాన్ని అచ్చేసినప్పుడు కింద తా.క. లాగా ఐన్‌స్టయిన్ అభ్యంతరం, దాని కింద వైల్ సమాధానం కూడా వచ్చాయి. మామూలుగా తా.క. ఉత్తరం రాసినవాడే రాస్తాడు. ఇక్కడ మాత్రం, పైన ఉన్నది పనికిరాదని ఇంకొకాయన రాశాడు. సాఫ్ట్‌వేర్ మిత్రులకి అర్థమయ్యేలా చెప్పాలంటే, రివ్యూలో వచ్చిన కామెంటుని ప్రోగ్రాముతో పాటు అలాగే రిలీజ్ చేసేశారన్నమాట.

ఐన్‌స్టయిన్ అభ్యంతరం ఏమిటో చూద్దాం. కవల సోదరుల కథ అందరికీ తెలిసిందే. ఒకడు ఇంట్లో ఉంటాడు, ఇంకొకడు రాకెట్‌లో వెళ్ళొస్తాడు. కలుసుకున్నాక వాళ్ళ గడియారాలు వేర్వేరు టైములు చూపిస్తాయి. సరే. కానీ అక్కణ్ణుంచి రెండూ ఒకే వేగంతో టిక్కుటిక్కుమంటాయి. వైల్ చెప్పిన ప్రపంచంలో అలా కుదరదు. పొడవు దారిని బట్టి మారితే కాలం కొలత కూడా మారుతుంది. వేర్వేరు విద్యుదయస్కాంత క్షేత్రాల గుండా వచ్చిన రెండు గడియారాలు మళ్ళీ పక్కపక్కన చేరాక కూడా వేర్వేరు వేగాలతో నడుస్తాయి. అణువే ప్రకృతి చేసిన గడియారం. ఒక్కో హైడ్రోజన్ అణువు ఒక్కో దారిలో వచ్చి ఉంటుంది కాబట్టి ఒక్కోటి ఒక్కో రంగు వెలుగు ఇవ్వాలి. కానీ హైడ్రోజన్ వర్ణపటంలో గీతలు సన్నగా, స్పష్టంగా, ఎక్కడ చూసినా ఒకే చోట ఉంటాయి. అణువుకి గతం గుర్తుండదు. కాబట్టి ఈ సిద్ధాంతం తప్పు.

వైల్ వదల్లేదు. నేను చెప్పేది ఆదర్శమైన మోత గురించి, నిజం గడియారాలు పరిసరాలకి సర్దుకుంటాయేమో అన్నాడు. ఈ సమాధానం ఐన్‌స్టయిన్‌ని ఒప్పించలేదు. ఇప్పుడు చదివితే మనల్నీ ఒప్పించదు. కొలబద్ద అనేదే సిద్ధాంతానికి పునాది అయినప్పుడు, నిజం కొలబద్దలతో దానికి పని లేదంటే ఇంక మిగిలేదేమిటి? నిజానికి ఆయనకి సరైన సమాధానం అప్పుడు దొరికే వీలే లేదు. దానికి కావలసిన క్వాంటమ్ మెకానిక్స్ ఇంకా పుట్టలేదు.

1922లో ష్రోడింగర్ ఒక చిన్న వ్యాసం రాశాడు. ఆయన కూడా అప్పట్లో జ్యూరిక్‌లోనే ఉద్యోగం, వైల్‌కి స్నేహితుడు. బోర్ అణువులో ఎలక్ట్రాన్ తిరిగే కక్ష్యల వెంట వైల్ మారకాన్ని లెక్కగడితే ఒక విచిత్రం కనిపించింది. ఒక చుట్టుకి వచ్చే మొత్తం, సరిగ్గా ప్లాంక్ స్థిరాంకానికి పూర్ణాంకాల గుణిజాలుగా వస్తోంది. వైల్ సూత్రంలో తెలియని స్థిరాంకం ఒకటుంది కదా, అది ఊహా సంఖ్య అయితే, అంటే మైనస్ ఒకటి వర్గమూలం అందులో ఉంటే, చుట్టు పూర్తయ్యేసరికి మారకం సరిగ్గా ఒకటవుతుందని గమనించాడు. గమనించి అక్కడే వదిలేశాడు. 1926లో తన తరంగ సమీకరణం వచ్చినప్పుడు కూడా ఈ సంగతి ఎత్తలేదు.

ఊహా సంఖ్య వస్తే ఏమవుతుంది? మామూలు సంఖ్యతో గుణిస్తే పొడవు పెరుగుతుంది, తరుగుతుంది. ఇలా ఊహా సంఖ్య ఘాతంలోకి వస్తే మాత్రం పెరగడం తరగడం పోయి తిరగడం వస్తుంది. కుంచం కాస్తా గడియారం ముల్లయింది. క్వాంటమ్ మెకానిక్స్‌లో ఎలక్ట్రాన్ తరంగానికి ప్రతి బిందువు దగ్గరా అలాంటి ముల్లు ఒకటి ఉంటుంది. దాన్నే ఫేజ్ అంటారు. ముల్లు పొడవుని బట్టి ఎలక్ట్రాన్ అక్కడ దొరికే అవకాశం ఎంతో తెలుస్తుంది. ముల్లు ఎటు చూస్తోందన్నది విడిగా ఎవరికీ కనబడదు. ఆ డయల్ మీద పన్నెండు ఎక్కడ రాసుకోవాలన్నది ఎవరిష్టం వాళ్ళది.

1926లో లెనిన్‌గ్రాడ్‌లో ఫోక్ ఈ ఫేజ్ స్వేచ్ఛని సమీకరణాల్లో పట్టుకున్నాడు. 1927లో ఫ్రిట్స్ లండన్ అనే కుర్రాడు అసలు ముడి విప్పాడు. వైల్ సిద్ధాంతంలో దారిని బట్టి మారేది పొడవు కాదు, ష్రోడింగర్ తరంగం ఫేజ్ అన్నాడు. ఐదేళ్ళ కిందటి ఆ చిన్న వ్యాసం సంగతి బయటికి లాగి, ఇంత రహస్యం దగ్గర పెట్టుకుని ఊరుకున్నారేమని ష్రోడింగర్‌కి ఆటపట్టిస్తూ ఉత్తరం కూడా రాశాడు. 1929లో వైల్ తనే కలం పట్టాడు. గేజ్ సూత్రాన్ని గురుత్వాకర్షణ పక్కనుంచి తీసి పదార్థ తరంగం పక్కన పెట్టాడు. పాత సిద్ధాంతాన్ని పట్టుకుని వేలాడలేదు, సిగ్గుపడి పూడ్చిపెట్టనూ లేదు. ఉన్న ఇంటిని దూలాలు విరగకుండా విప్పి ఇంకో స్థలంలో నిలబెట్టినట్టు చేశాడు.

ఇక్కడే కోవేరియంట్ డెరివేటివ్ అనే భయంకరమైన పేరుగల వస్తువు వస్తుంది. అదేమిటో మన ప్రవాసులకి చెప్పక్కర్లేదు, రోజూ వాడుతూనే ఉంటాం. చలికాలంలో ఇండియాలో రాత్రి 9 అయితే న్యూజెర్సీలో ఉదయం 10:30. అక్కడ తొమ్మిదింటికి పెట్టేసిన ఫోను ఇక్కడ పదిన్నరకి పెట్టేశామంటే, గంటన్నర ముందుకి పోయినట్టు కాదు. గడియారాల తేడాలో కొంత నిజంగా గడిచిన కాలం, కొంత మనం పెట్టుకున్న ఏర్పాటు. రెండోదాన్ని తీసేస్తేనే మొదటిది తెలుస్తుంది. మామూలు డెరివేటివ్ ఇక్కడి ముల్లుకీ పక్క బిందువు ముల్లుకీ తేడా కట్టేసి ఊరుకుంటుంది. కోవేరియంట్ డెరివేటివ్ అందులోంచి డయళ్ళ తేడాని తీసేస్తుంది. ఆ తీసివేతకి కావలసిన పట్టికే వెక్టర్ పొటెన్షియల్. ష్రోడింగర్ సమీకరణంలో మామూలు డెరివేటివ్ ఉన్న చోటల్లా దీన్ని పెడితే, ఎలక్ట్రాన్ మీద విద్యుదయస్కాంత బలం ఎలా పనిచేస్తుందో దానంతటదే వచ్చేస్తుంది. విడిగా చేర్చనక్కర్లేదు.

ఈ లెక్క నచ్చినా మా మాస్టారి మాట ఇంకా నిలబడే ఉంది. పట్టిక కాగితం మీది ఏర్పాటే కదా? క్షేత్రం లేని చోట పొటెన్షియల్‌కి పనేమిటి?

దీనికి సమాధానం ఒక ఓడ ప్రయాణంలో ఉంది. 1519లో మెజెలాన్ అయిదు ఓడలతో స్పెయిన్ నుంచి పడమటికి బయల్దేరాడు. ఆయన దారిలోనే చనిపోయాడు. మిగిలిన ఒక్క ఓడ 1522 జులైలో కేప్ వర్ద్ దీవులు చేరింది. ఓడలో లెక్క ప్రకారం ఆ రోజు బుధవారం. ఒడ్డున ఉన్నవాళ్ళు గురువారం అన్నారు. ఒక్కరోజు కూడా తప్పిపోకుండా దినచర్య రాసుకున్న పిగఫెట్టా ఆశ్చర్యపోయాడు. ఆయన తప్పేమీ లేదు. ఎక్కడికక్కడ సూర్యుణ్ణి చూసే రోజు లెక్కపెట్టాడు. హైదరాబాదు నుంచి బెజవాడ, అక్కణ్ణుంచి మద్రాసు, మళ్ళీ హైదరాబాదు వస్తే టైములో తేడా మిగలదు. భూమ్మీద ఏ చిన్న చుట్టు తిరిగినా అంతే. కానీ భూగోళాన్నంతా చుట్టి వస్తే ఒక రోజు తేడా వస్తుంది. ఆ తేడా దారిలో ఏ మజిలీలోనూ లేదు, చుట్టులో ఉంది.

1959లో బ్రిస్టల్ విశ్వవిద్యాలయం నుంచి డేవిడ్ బోమ్, ఆయన శిష్యుడు యాకిర్ అహరనోవ్ సరిగ్గా ఇలాంటి ప్రయోగాన్నే ఎలక్ట్రాన్ల మీద ఊహించారు. (1949లోనే ఎహ్రెన్‌బర్గ్, సైడే అనే ఇద్దరు ఈ మాట చెప్పారు గానీ ఎవరూ పట్టించుకోలేదు.) ఎలక్ట్రాన్ల ధారని రెండుగా చీల్చి, సన్నటి పొడవాటి తీగచుట్టకి అటొకటి ఇటొకటి పంపి, మళ్ళీ కలపాలి. అయస్కాంత క్షేత్రమంతా చుట్ట లోపలే ఉంటుంది. ఎలక్ట్రాన్లు వెళ్ళే దారిలో క్షేత్రం సున్నా. అయినా రెండు ధారలు కలిసిన చోట ఏర్పడే చారలు, చుట్టలో కరెంటుని బట్టి పక్కకి జరుగుతాయన్నారు. 1960లో బ్రిస్టల్‌లోనే ఛేంబర్స్ చారలు జరగడం చూశాడు. క్షేత్రం ఎక్కడో కొంచెం బయటికి కారి ఉంటుందని వాదించినవాళ్ళు మరో పాతికేళ్ళు వాదించారు.

1986లో హిటాచీ కంపెనీలో తోనోమురా బృందం ఆ వాదన ముగించింది. కంటికి కనబడనంత చిన్న అయస్కాంతపు కంకణం చేసి, దాని చుట్టూ నయోబియం పూత పూశారు. చల్లబరిస్తే నయోబియం సూపర్‌కండక్టరై, క్షేత్రాన్ని లోపలే బంధిస్తుంది. కంకణం రంధ్రంలోంచి వెళ్ళిన ఎలక్ట్రాన్లకీ బయటినుంచి వెళ్ళినవాటికీ మధ్య ఫేజ్ తేడా వచ్చింది. చారలు కొన్ని కంకణాల్లో అసలు జరగలేదు, కొన్నింటిలో సరిగ్గా సగం జరిగాయి. మధ్య రకం లేదు. సూపర్‌కండక్టర్ చుట్టులో అయస్కాంత ప్రవాహం ముక్కలు ముక్కలుగానే ఉంటుంది కాబట్టి అలా జరిగింది. ఆ ముక్కల సంగతి ముందే ఊహించింది ఎవరనుకున్నారు? 1950లో, అదే ఫ్రిట్స్ లండన్. ఆయన అనుకున్నదానిలో ముక్క సైజు సరిగ్గా సగమని 1961లో ప్రయోగాల్లో తేలింది, ఎందుకంటే సూపర్‌కండక్టర్‌లో ఎలక్ట్రాన్లు జంటలుగా తిరుగుతాయి.

మన దేశపు వాటా కూడా ఒకటుంది. 1956లో బెంగుళూరు రామన్ పరిశోధన సంస్థలో 22 ఏళ్ళ పంచరత్నం, కాంతి ధ్రువణాన్ని మార్చుకుంటూ చుట్టు తిప్పి మొదటి స్థితికి తెస్తే, ఆ చుట్టుని బట్టి ఫేజ్ తేడా మిగులుతుందని చూపించాడు. (పేరు చూసి తెలుగువాడేమోనని సంబరపడ్డాను. కాదు, రామన్‌కి మేనల్లుడు.) 1984లో మళ్ళీ బ్రిస్టల్‌లోనే మైకేల్ బెర్రీ ఇలాంటి ఫేజ్‌ని క్వాంటమ్ మెకానిక్స్ అంతటికీ వర్తించేలా చెప్పాక, బెంగుళూరు పాత వ్యాసం మళ్ళీ వెలుగులోకొచ్చింది. అప్పటికి పంచరత్నం లేడు. 1969లో 35 ఏళ్ళకే పోయాడు.

ఈ మనుషుల దారులు చూస్తే కూడా మనసు అదోలా అయిపోతుంది. 1933లో లండన్ యూదుడైనందుకు బెర్లిన్‌లో ఉద్యోగం పోగొట్టుకున్నాడు. ఆక్స్‌ఫర్డ్, పారిస్ తిరిగి 1939లో అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయం చేరాడు. వైల్ భార్య యూదు కుటుంబం నుంచి వచ్చింది. ఆయనా 1933లోనే గాటింగెన్ వదిలి ప్రిన్స్‌టన్ వచ్చాడు. తా.క. రాసిన ఐన్‌స్టయిన్ కూడా ఆ ఏడే అక్కడికే చేరాడు. బోమ్‌ది ఎదురు ప్రయాణం. కమ్యూనిస్టు అనుమానంతో అమెరికాలో ఉద్యోగం పోయి 1951లో బ్రెజిల్ వెళ్తే, అక్కడి అమెరికన్ కాన్సులేట్ ఆయన పాస్‌పోర్టు తీసేసుకుంది. వీసా స్టాంపింగు కోసం వరసలో నిలబడ్డ ఎవరికైనా ఆ వాక్యం దగ్గర కడుపులో తిప్పుతుంది. ఆయన బ్రెజిల్ నుంచి ఇజ్రాయెల్ వెళ్ళబట్టే అహరనోవ్ పరిచయమయ్యాడు.

లండన్ 1954 మార్చిలో పోయాడు. అదే ఏడు యాంగ్, మిల్స్ ఒక్క ముల్లు బదులు, తిప్పే వరస మారితే ఫలితం మారే ఇంకా పెద్ద డయళ్ళతో వైల్ సూత్రాన్ని మళ్ళీ కట్టారు. ఈ రోజు అణుకేంద్రకం లోపలి బలాల్ని వివరించేది ఆ జ్యామితే. 1975లో యాంగ్, వూ కలిసి ఒక నిఘంటువు లాంటి పట్టిక వేశారు. భౌతికశాస్త్రంలో పొటెన్షియల్ అనేదాన్నే గణితంలో కనెక్షన్ అంటారు, క్షేత్రం అనేదాన్ని వంపు అంటారు. ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా రెండు వర్గాలూ దశాబ్దాల పాటు ఒకే ఇల్లు కట్టాయి.

మరి తా.క. సంగతి? ఐన్‌స్టయిన్ అన్నది నూటికి నూరుపాళ్ళు నిజం. అణువుల రంగు గతాన్ని బట్టి మారదు. కానీ ఏ గుణం ఉందని ఆ సిద్ధాంతాన్ని ఆయన కొట్టేశాడో, అంటే వచ్చిన దారి గుర్తుండిపోవడం, అదే చివరికి నిలబడింది. తోనోమురా కంకణం పక్కన ఫొటో తీసింది ఆ గుర్తునే. కాకపోతే అది కొలబద్దలో లేదు, ముల్లులో ఉంది. ఒక్క ఎలక్ట్రాన్ ధారని ఎంత పరీక్షించినా బయటపడదు. వేరే దారిన వచ్చిన ఇంకో ధారతో కలిసినప్పుడే తెలుస్తుంది. అభ్యంతరం తప్పని తేలడం వల్ల వైల్ గెలవలేదు. ఆ అభ్యంతరాన్ని పూర్తిగా ఒప్పుకునే చోటుకి తన ఆలోచనని తీసుకెళ్ళబట్టి గెలిచాడు. నా ఉద్యోగంలో ఎన్నో రివ్యూలు చూశాను. ఎక్కువమంది కామెంటుతో పోట్లాడతారు, లేదా రాసిందంతా చెరిపేస్తారు. మూడో దారి ఉందని, దానికి పదకొండేళ్ళు పట్టొచ్చని నాకు ఈ కథ చదివేదాకా తెలీదు.

మా మాస్టారు చెప్పింది కూడా సగం ఒప్పే. ఒక్క బిందువు దగ్గర పొటెన్షియల్ నిజంగానే పరంజా, ఎలా కావాలంటే అలా కట్టుకోవచ్చు. చుట్టూ తిరిగి లెక్కేస్తే వచ్చే మొత్తం మాత్రం గోడ. అది ఎవరు విప్పినా ఊడదు. గేజ్ అనే మాటలో కొలత ఎప్పుడో పోయింది, మాట మాత్రం మిగిలింది. ఈసారి ఎవరైనా పిల్లలు ఆ రెండు మార్కుల ప్రశ్న పట్టుకొస్తే, మీటర్ గేజి దగ్గర మొదలుపెట్టి చెబుతాను.